నిస్తార్: మునిగిన జలాంతర్గామి కోసం ఎదురుచూసే నౌక

2025 జులై 18న విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డ్‌లో రక్షణ శాఖ సహాయ మంత్రి సంజయ్ సేఠ్ సమక్షంలో ఐఎన్‌ఎస్ నిస్తార్ భారత నౌకాదళంలో చేరింది. దాదాపు 118 మీటర్ల పొడవు, 10 వేల టన్నులకు పైగా బరువున్న ఈ నౌక శత్రువుపై దాడి చేయడానికి కట్టింది కాదు. సముద్ర గర్భంలోకి డైవర్లను దింపడం, ప్రమాదంలో చిక్కుకున్న జలాంతర్గామి నుంచి సిబ్బందిని బయటికి తీసుకురావడం దీని పని. దేశీయంగా రూపకల్పన చేసి నిర్మించిన మొదటి డైవింగ్ సపోర్ట్ నౌక ఇదే. కట్టింది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్.

నిస్తార్ అనేది సంస్కృత మూలం ఉన్న మాట. దాటించడం, గట్టెక్కించడం, విముక్తి అని అర్థం. ఈ పేరుతో నౌకాదళంలో ఒక నౌక ఇంతకు ముందే పనిచేసింది. ఆ నౌక 1989లో సేవల నుంచి తప్పుకుంది. అప్పటి నుంచి కొత్త నిస్తార్ వచ్చేదాకా గడిచిన 36 ఏళ్లలో జలాంతర్గాముల రక్షణ కోసమే ప్రత్యేకంగా కట్టిన నౌక భారత్ దగ్గర లేదు.

మొదటి నిస్తార్

భారత్‌కు మొదటి జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కల్వరి. సోవియట్ యూనియన్ నుంచి కొన్న ఈ ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి 1967 డిసెంబర్ 8న నౌకాదళంలో చేరింది. 1974 నాటికి అలాంటివి ఎనిమిది సమకూరాయి. వాటిలో ఒకటైన కురుసుర ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. దాని లోపల నడిచినవారికి ఎంత ఇరుకులో సిబ్బంది రోజులు గడిపేవారో, ఒక అర నుంచి మరో అరలోకి వెళ్లే గుండ్రటి ద్వారాలు ఎంత చిన్నవో తెలుస్తుంది.

జలాంతర్గాములు ఉంటే చాలదు, వాటికి అండగా వేరే నౌకలు కావాలి. సోవియట్ యూనియన్ నుంచే అలాంటివి రెండు వచ్చాయి. ఒకటి ఐఎన్‌ఎస్ అంబ. ఇది డిపో నౌక. జలాంతర్గాములకు ఇంధనం, విడిభాగాలు, మరమ్మతులు, సిబ్బందికి వసతి సమకూర్చడం దాని బాధ్యత. 1968లో చేరి 2006 వరకు పనిచేసింది. రెండోది నిస్తార్. టీ-58 తరగతి మైన్‌స్వీపర్ నౌక రూపాన్ని మార్చి తయారుచేసిన రక్షణ నౌక ఇది. 1969లో కొనుగోలు చేయగా, 1971లో లాంఛనంగా నౌకాదళంలో చేరింది.

అదే ఏడాది డిసెంబర్‌లో నిస్తార్‌కు ఒక పని పడింది. అది సొంత జలాంతర్గామిని కాపాడే పని కాదు. విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ పాకిస్థాన్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు వెలుపల భారీ పేలుడు శబ్దం వినిపించింది. మర్నాడు నీటిపై తేలుతున్న శకలాలు, చమురు మత్స్యకారుల కంట పడ్డాయి. నీటి అడుగున ఉన్నది ఘాజీయేనని నిర్ధారించుకోవడంలో నిస్తార్ డైవర్లది కీలక పాత్ర. డిసెంబర్ 9న ప్రభుత్వం ఆ విషయాన్ని ప్రకటించింది.

ఘాజీలోని 90 మందికి పైగా సిబ్బందిలో ఎవరూ బతకలేదు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీల వల్లే అది మునిగిందని భారత్ చెబుతుంది. లోపలే జరిగిన పేలుడో, తాను అమర్చిన మందుపాతరో కారణమని పాకిస్థాన్ వాదన. ఈ వివాదం ఇప్పటికీ తేలలేదు. ప్రాణాలు కాపాడటానికి తెచ్చిన నౌకకు చరిత్రలో పేరు తెచ్చిపెట్టింది మాత్రం ఈ శత్రు శిథిలమే.

36 ఏళ్ల లోటు

1989లో పాత నిస్తార్ విరమించుకునే నాటికి భారత జలాంతర్గామి దళం పెరుగుతోంది. ఫాక్స్‌ట్రాట్‌ల తర్వాత సోవియట్ కిలో తరగతి, జర్మన్ డిజైన్‌తో శిశుమార్ తరగతి వచ్చాయి. వాటికి అండగా ఉండే ఏర్పాటు మాత్రం తాత్కాలికంగానే సాగింది. మజగావ్ డాక్ 1985లో సముద్రంలోని చమురు క్షేత్రాల అవసరాల కోసం కట్టిన నౌకను నౌకాదళం 1989లో లీజుకు తీసుకుంది. 1995లో కొనేసింది. అదే ఐఎన్‌ఎస్ నిరీక్షక్. డైవింగ్‌లో దాని సేవలు తక్కువేమీ కాదు. 2011లో నౌకాదళ డైవర్లు 257 మీటర్ల లోతుకు దిగి దేశీయ రికార్డు నెలకొల్పింది ఈ నౌక నుంచే.

అయితే డైవర్లను దింపడం వేరు, లోతున చిక్కుకున్న పదుల మందిని పైకి తేవడం వేరు. రెండో పనికి డీఎస్‌ఆర్‌వీ అనే చిన్న రక్షణ వాహనం కావాలి. అది లేనంత కాలం అవసరమైతే అమెరికా నౌకాదళ పరికరాలను విమానంలో రప్పించుకునే ఒప్పందంపైనే భారత్ ఆధారపడాల్సి వచ్చింది. పరికరాలు విమానంలో రావాలి, రేవులో నౌకపైకి ఎక్కించాలి, ఆ నౌక ప్రమాద స్థలానికి చేరాలి. అప్పటిదాకా లోపల ఉన్నవారికి గాలి మిగలాలి.

కాలంతో పందెం

అడుగున నిలిచిపోయిన జలాంతర్గామిలో గాలిని శుభ్రపరిచే యంత్రాలు ఆగిపోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. చలి, నీరు, మంటలు తోడైతే గడువు ఇంకా తగ్గుతుంది. అందుకే ప్రమాద సమాచారం అందిన 72 గంటల్లోగా మొదటి విడత సిబ్బందిని బయటికి తేవాలన్నది రక్షణ వ్యవస్థలు పెట్టుకునే లక్ష్యం.

ఇది సాధ్యమేనని 1939లో రుజువైంది. అమెరికా తీరంలో 74 మీటర్ల లోతున మునిగిన యూఎస్‌ఎస్ స్క్వాలస్ నుంచి గంట ఆకారపు చాంబర్‌తో 33 మందిని కాపాడారు. ఆలస్యమైతే ఏమవుతుందో 2000లో రష్యా జలాంతర్గామి కుర్‌స్క్ చూపించింది. పేలుళ్ల తర్వాత 23 మంది చివరి అరలోకి చేరుకున్నారు. సాయం అందేలోపే వారు చనిపోయారు. మొత్తం 118 మంది మృతి చెందారు. అది మునిగింది 108 మీటర్ల లోతునే.

డీఎస్‌ఆర్‌వీలు రెండు, మాతృనౌక లేదు

బ్రిటన్ సంస్థ జేఎఫ్‌డీతో 2016లో కుదిరిన ఒప్పందం ద్వారా భారత్ రెండు డీఎస్‌ఆర్‌వీ వ్యవస్థలు కొనుగోలు చేసింది. మొదటిది 2018 డిసెంబర్‌లో ముంబయిలో సేవల్లోకి వచ్చింది. రెండోది విశాఖలో ఉంది. ఒక్కోటి 650 మీటర్ల లోతు వరకు వెళ్లి, ఒక విడతలో 14 మందిని తీసుకురాగలదు.

డీఎస్‌ఆర్‌వీ కిందికి దిగి జలాంతర్గామి ద్వారం చుట్టూ ఉండే వలయంపై సరిగ్గా కూర్చుంటుంది. మధ్యలోని నీటిని బయటికి పంపగానే చుట్టూ ఉన్న సముద్ర పీడనమే రెండింటినీ గట్టిగా అదిమి పట్టుకుంటుంది. అప్పుడు ద్వారం తెరిచి మనుషుల్ని లోపలికి తీసుకుంటారు. పైకి వచ్చాక వారిని పీడనం క్రమంగా తగ్గించే గదుల్లోకి మార్చాలి. కాబట్టి డీఎస్‌ఆర్‌వీ ఒక్కటే ఉంటే సరిపోదు. దాన్ని మోసుకెళ్లి, అలల మధ్య దింపి, తిరిగి ఎత్తుకుని, వచ్చినవారికి చికిత్స అందించే మాతృనౌక ఉండాలి. మొదటి కొన్నేళ్లు ఆ పనికి వాణిజ్య నౌకలను సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది.

2021 ఏప్రిల్‌లో ఇండోనేసియా జలాంతర్గామి కేఆర్‌ఐ నంగాలా 53 మందితో బాలి సముద్రంలో గల్లంతైంది. భారత్ మర్నాడే విశాఖ నుంచి డీఎస్‌ఆర్‌వీని పంపింది. దూరం 2,500 నాటికల్ మైళ్లకు పైనే. అది దారిలో ఉండగానే, 838 మీటర్ల లోతున ముక్కలైన నంగాలా కనిపించింది. అందరూ మరణించారు. అంత లోతులో జలాంతర్గామి దేహమే పీడనానికి తట్టుకోలేదు. అలాంటి చోట ఏ రక్షణ నౌకైనా చేయగలిగింది ఉండదు.

కొత్త నిస్తార్ ఏం చేయగలదు?

రెండు డైవింగ్ సపోర్ట్ నౌకల కోసం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో 2018లో ఒప్పందం కుదిరింది. నిస్తార్, నిపుణ్ అనే ఈ రెండింటినీ 2022 సెప్టెంబర్ 22న ఒకే రోజు జలప్రవేశం చేయించారు. నిస్తార్ 2025 జులై 8న నౌకాదళం చేతికి వచ్చింది. ఇందులో సుమారు 75 శాతం దేశీయ సామగ్రి. 120 వరకు చిన్న, మధ్య తరహా సంస్థలు నిర్మాణంలో భాగమయ్యాయి.

ఈ నౌక నుంచి 300 మీటర్ల వరకు శాచురేషన్ డైవింగ్ చేయవచ్చు. ఆ లోతులో పీడనం ఉపరితలం మీదకంటే సుమారు 31 రెట్లు ఉంటుంది. డైవర్లు దిగిన ప్రతిసారీ ఆ పీడనం నుంచి మామూలు స్థితికి రావాలంటే రోజులు పడుతుంది. అందుకే పని పూర్తయ్యేదాకా వారు నౌకలోని పీడన గదిలోనే ఉంటారు. హీలియం, ఆక్సిజన్ మిశ్రమాన్ని పీలుస్తూ, గంట ఆకారపు వాహనంలో కిందికి వెళ్లి వస్తారు. పని ముగిశాక ఒకేసారి పీడనం తగ్గించుకుంటారు. 300 మీటర్ల పనికి అదొక్కటే పది రోజులకు పైగా పడుతుంది.

లంగరు వేయకుండానే కంప్యూటర్లు, ప్రొపెల్లర్ల సాయంతో నౌక ఒకే చోట నిలబడగలదు. తాడు చివర డైవర్ ఉన్నప్పుడు నౌక కొద్దిగా కదిలినా ప్రాణాపాయమే కాబట్టి ఇది తప్పనిసరి. 1,000 మీటర్ల వరకు వెళ్లే రిమోట్ వాహనాలు, 15 టన్నుల క్రేన్, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, ఎనిమిది పడకల ఆసుపత్రి ఉన్నాయి. 60 రోజులకు పైగా రేవుకు రాకుండా సముద్రంలో ఉండగలదు. అన్నిటికంటే ముఖ్యంగా, తూర్పు తీరంలోని డీఎస్‌ఆర్‌వీకి ఇదే మాతృనౌక.

నౌకాదళంలో చేరిన రెండు నెలలకే, 2025 సెప్టెంబర్‌లో సింగపూర్ ఆతిథ్యమిచ్చిన పసిఫిక్ రీచ్ జలాంతర్గామి రక్షణ విన్యాసాల్లో నిస్తార్ పాల్గొంది. భారత డీఎస్‌ఆర్‌వీ అక్కడ విదేశీ జలాంతర్గామితో అనుసంధానమైంది. ద్వారాల వలయాల కొలతలు దేశదేశాల మధ్య కలిస్తేనే ఒకరి ఆపదలో మరొకరు సాయపడగలరు. జలాంతర్గాములు పెరుగుతున్న హిందూ మహాసముద్రంలో ఇది భారత్‌కు దౌత్యపరంగానూ విలువైన సామర్థ్యం.

మిగిలిన పరీక్ష

విశాఖ డీఎస్‌ఆర్‌వీ సాయంతో ఘాజీ శిథిలాన్ని గుర్తించామని, అందులో మరణించినవారిపై గౌరవంతో దాన్ని కదిలించలేదని నౌకాదళ అధికారులు 2024లో మీడియాకు చెప్పారు. మొదటి నిస్తార్ డైవర్లు వెళ్లిన చోటుకే అర్ధ శతాబ్దం తర్వాత కొత్త తరం యంత్రం చేరింది.

యుద్ధనౌకను దాని విజయాలతో అంచనా వేస్తారు. రక్షణ నౌక విషయంలో ఆ లెక్క పనికిరాదు. దానికి పని పడకపోవడమే అందరూ కోరుకునేది. అయితే పని పడిన రోజున డీఎస్‌ఆర్‌వీ మరమ్మతులో ఉండకూడదు, శిక్షణ పొందిన డైవర్లు అందుబాటులో ఉండాలి, నౌక గంటల్లో రేవు దాటాలి. విన్యాసాలు, నిర్వహణ, బడ్జెట్ ఏళ్ల తరబడి సాగితేనే అది సాధ్యం. 1989 తర్వాత లోపించింది నౌక ఒక్కటే కాదు, ఆ కొనసాగింపు. నిస్తార్ రాకతో నౌక లోటు తీరింది. రెండోది తీరిందో లేదో ఏటా జరిగే విన్యాసాల్లో, నౌక రేవులో కాక సముద్రంలో గడిపే రోజుల్లో తెలుస్తుంది.