శిక్ష పడిన తరువాత డీఎన్ఏ పరీక్ష: రాజమండ్రి జైలు గుర్తుచేసే చరిత్ర

2017 ఏప్రిల్ 2న రాజమండ్రి కేంద్ర కారాగారం నుంచి ఒక యువకుడు విడుదలయ్యాడు. 2007 డిసెంబరులో విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2010లో అతనికి శిక్ష పడింది. ఎనిమిదేళ్లకు పైగా నిర్బంధంలో గడిపిన తరువాత హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నది. మరి హంతకుడెవరు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సాక్ష్యం ఏమైందో తెలుసుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ గుర్తింపు పద్ధతిని కనుగొన్నారు. హత్యకేసులో ఆ పరీక్ష మొదట చేసిన పని నేరస్థుణ్ణి పట్టివ్వడం కాదు; నేరం ఒప్పుకున్న 17 ఏళ్ల కుర్రవాడు నిర్దోషి అని తేల్చడం. 1989 నాటికి అమెరికాలో శిక్ష పడిన ఖైదీలు కూడా దీనివల్ల విముక్తులు కాసాగారు. 2004లో అక్కడి కేంద్ర చట్టం ఖైదీలకు ఈ పరీక్ష కోరే మార్గం కల్పించింది. మన హైదరాబాదులోనే సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఈ విద్యను దేశానికి అందించారు. 2005 సవరణతో అత్యాచార నిందితుల డీఎన్ఏ నమూనాల సేకరణ మన చట్టంలోకి వచ్చింది. శిక్ష పడినవారికి మాత్రం అటువంటి ప్రత్యేక హక్కు లేదు. అదనపు సాక్ష్యం తీసుకొనే అధికారం అప్పీలు కోర్టుకు ఉంది, అంతే.

అయితే హక్కు ఉన్నా, పరీక్షించడానికి వస్తువు మిగలాలి కదా! అప్పీలు విచారణలో ఉండగానే విజయవాడ కోర్టులో ఆ కేసు వస్తువులు ధ్వంసమైనట్లు తరువాత బయటపడింది. 2018లో దర్యాప్తు సీబీఐకి అప్పగించారు. 2019 డిసెంబరులో, పన్నెండేళ్ల తరువాత, తెనాలిలో ఆ బిడ్డ సమాధిని తవ్వి అవశేషాలు సేకరించవలసి వచ్చింది. ఆ తల్లిదండ్రుల వేదన ఊహించండి.

వైద్యునిగా ఒక్క మాట. డీఎన్ఏకు తేమ శత్రువు. తడి గుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూస్తే సూక్ష్మజీవులు దానిని తినివేస్తాయి. ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టి, సీలు వేసి భద్రపరిస్తే దశాబ్దాల తరువాత కూడా అది మాట్లాడుతుంది. గోదావరి సీమ ఉక్కపోతలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 2025 జూలైలో సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ప్రయోగశాలకు చేరాలనీ, విచారణ కోర్టు అనుమతి లేకుండా వాటిని తెరవరాదనీ ఆదేశించింది.

ఆ చిన్న కవరు ఖైదీ ఒక్కడిదే కాదు, బాధితురాలిది కూడా. దానిని పోగొట్టుకుంటే ఇద్దరికీ న్యాయం దూరమవుతుంది.