మరి తుకారాం పెళ్లాం గతేంటి?

ఆ కొబ్బరిమట్టలు ఇంకాస్త మంటలోకి తోయండర్రా. చచ్చిపోయినవాళ్లు ఎక్కడికెళ్తారు తాతా అని అడిగారు కదా. మా చిన్నప్పుడు ఆ ప్రశ్న మా ఇంట్లో లేపింది భక్త తుకారాం సినిమా.

1973లో వచ్చిందది. అంజలీదేవి వాళ్ల సొంత సినిమా. నాగేశ్వరరావు తుకారాం, ఆవిడే భార్య, శివాజీ గణేశన్ ఛత్రపతి శివాజీ. మన దివిసీమ వైపు టూరింగ్ టాకీసుకి వచ్చిందని తెలిసి బండి కట్టుకుని వెళ్లాం, నేల టిక్కెట్టు. పాండురంగడు కనపడగానే ఆడవాళ్లు చెంపలేసుకున్నారు.

ఆ నాగేశ్వరరావుది గుడివాడ దగ్గర రామాపురం. దేవుణ్ణి నమ్మనని తనే చెప్పేవాడు. అయినా విప్రనారాయణ, జయదేవుడు, తుకారాం, ఆ భక్తులంతా ఆయనే! ఆయనకి పాడిన ఘంటసాలదీ గుడివాడ పక్కనే, చౌటపల్లి. ఆయనది నిండు భక్తి. నమ్మనివాడి మొహానికి నమ్మినవాడి గొంతు అతికి, తెరమీద ఒక్క మనిషై నిలబడ్డారు. మా నాన్నకిది మింగుడు పడేది కాదు. కానీ మన జిల్లాకి ఈ వాదం కొత్తేం కాదు. బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పిన గోరాగారు, నాస్తికుడన్న కారణంగా ఉద్యోగం పోతే, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు.

తుకారాం బొందితో వైకుంఠానికి వెళ్లాడని కదా కథ. బండిలో తిరిగొస్తుంటే అమ్మ అంది: "ఆయన వెళ్లాడు, బాగుంది. మరి ఆ పెళ్లాం గతేంటి? పొద్దున్నే పిల్లలకి కూడెవరు పెడతారు?" నాన్న మాట్లాడలేదు.

మరుసటేడు ఫిబ్రవరిలో ఘంటసాల పోయాడు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయాకే వచ్చింది. అప్పట్నుంచి మనవైపు ఏ ఇంట చావైనా ఆ గొంతే.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం, వరి కోతకొచ్చింది. ఆరోజు సముద్రం లేచొచ్చింది. సొర్లగొంది, నాగాయలంక వైపు ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మంది పైమాటే. అన్ని శవాలకి కర్మలెవరు చేస్తారు, గీత ఎవరు పెడతారు? పేరూ ఊరూ తెలియనివాళ్లని కూడేసి దహనం చేశారు. కులం అడిగినవాడు లేడు.

మా పెదనాన్న తాటిచెట్టు కరుచుకుని బతికాడు. పెద్దమ్మా, పిల్లలూ పోయారు. అంతకుముందు ఆయన లేనిదే ఏకాదశి భజన మొదలయ్యేది కాదు. ఆ తర్వాత గుడి మెట్టెక్కలేదు. "తుకారాంకి విమానం పంపినోడు మాకో పడవ పంపలేకపోయాడా?" అనేవాడు. పాపం తగుల్తుందని ఊళ్లో మందలించేవాళ్లు. నాకు మాత్రం ఆ మాట తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. అమ్మ ప్రశ్నే అది. ఉండిపోయినవాడి నోట వచ్చింది, అంతే.

రామారావు, నాగేశ్వరరావు కలిసి మన కోసం జోలె పట్టి ఊళ్లు తిరిగారని తెలిశాక పెదనాన్న ఆ మాట పదిమందికీ చెప్పుకున్నాడు. "నమ్మినోడూ వచ్చాడు, నమ్మనోడూ వచ్చాడ్రా" అని. ఉప్పెన తర్వాత ఆయన మొహంలో కాస్త వెలుగు చూసింది అప్పుడే.

చాలా ఏళ్లకి మంచాన పడ్డాడు. ఒకరోజు పిలిచి, "నేను పోతే గీత వద్దు. తుకారాం పాటలు పెట్టించు" అన్నాడు. నమ్మకం కుదిరిందా పెదనాన్నా అనడిగాను. "లేదురా. మీ పెద్దమ్మ వడ్లు దంచుతూ అవే పాడేది" అన్నాడు.

చావింట్లో సినిమా పాటలేంటని చుట్టాలు గొడవ పడ్డారు. నేను వినలేదు. ఆ క్యాసెట్టు రెండు వైపులా పూర్తిగా వేయించాను. ఆ కోపంతో నాతో మాట మానేసినవాళ్లు ఇప్పటికీ మన చుట్టాల్లో ఉన్నారు.