చెవిరాతిలో దినచర్య: మలుగుపాము జన్మరహస్యము

మలుగుపాము చూపునకు పామువలె నుండును గాని, అది చేపయే. నదులలో పట్టిన మలుగుల కడుపున గ్రుడ్లు కానరాకుండుటచే, అవి బురదనుండి పుట్టునని అరిస్టాటిల్ తలచెను. 1876లో, విద్యార్థిగా నున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ దాదాపు 400 మలుగులను కోసి, మగదాని బీజకోశమునకై వెదకెను. నిశ్చయ ఫలితము లభింపలేదు. ఆకువలె పలుచనై, గాజువలె నుండు లెప్టోసెఫాలస్ అను సముద్రజీవి మలుగు డింభకమేయని 1896లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీ తేల్చెను. డెన్మార్కు దేశీయుడైన యోహానెస్ ష్మిట్ 1904 నుండి అట్లాంటిక్ సముద్రమును గాలించి, మిక్కిలి చిన్న డింభకములు దొరకు చోటే జన్మస్థానమని వాదించి, 1922లో సర్గాసో సముద్రమును చూపెను.

అయితే నిడివి వయస్సును సరిగా చెప్పదు. తిండి దొరకిన పిల్ల త్వరగా ఎదుగును, దొరకనిది గిడసబారును. మరి వయస్సు తెలియుట ఎట్లు?

సమాధానము చేప చెవిలోనే కలదు. లోచెవిలో, వినికిడికిని సమతూకమునకును తోడ్పడు చిన్న రాళ్లున్నవి. వీనిపై కాల్షియం కార్బొనేటు పొరలుగా పేరుకొనును. చెట్టు మ్రానులోవలె వీనియందును సంవత్సర వలయములు కలవని 1899లో రైబిష్ గుర్తించెను. అంతకంటె సన్నని వలయములు దినమున కొక్కటి చొప్పున ఏర్పడునని 1971లో పన్నెల్లా చూపెను. చేప తనకు తెలియకయే దినచర్య వ్రాసికొనుచున్నదన్నమాట!

ఈ దినచర్యను జపాను శాస్త్రజ్ఞుడు కత్సుమి త్సుకమోటో చక్కగా చదివెను. 1991లో అతని బృందమునకు మేరియానా దీవులకు పశ్చిమమున సుమారు 10 మి.మీ. డింభకములు దొరకెను. పట్టిన తేదీనుండి వలయముల సంఖ్యను తీసివేసినచో పుట్టిన తేదీ వచ్చును. ఇట్లు లెక్కింపగా, జననములు అమావాస్య ప్రాంతమున గుమిగూడుచున్నట్లు తోచెను. ఆ లెక్కనే నమ్మి అమావాస్య దినములలో వెదకగా, 2005 జూన్‌లో పొదిగి కొలది దినములే యైన పిల్లలును, 2009 మేలో 31 గ్రుడ్లును చిక్కెను.

కాని వలయములు ఎల్లప్పుడును తేలికగా చదువబడవు. యూరపు తీరము చేరిన పిల్లల వలయములను లెక్కించినవారు ప్రయాణము ఏడాదిలోపేయనిరి. ష్మిట్ లెక్క రెండేండ్లకు మించినది. చలిలో ఎదుగుదల మందగించినపుడు వలయము ఏర్పడకపోవచ్చును, లేదా కంటికి ఆనకపోవచ్చును. కావున దినమున కొక వలయమను సూత్రమును ప్రతి జాతియందును, ప్రతి దశయందును పరీక్షింపవలెను.

ఇది కేవలము కుతూహలము కాదు. యూరపు మలుగు 2008లోను, జపాను మలుగు 2014లోను అంతర్జాతీయ ఆపద జాబితాలో చేరినవి. పెంపక చెరువులకు నేటికిని ముఖ్యాధారము సముద్రమునుండి వచ్చు పిల్లలే. అవి ఎప్పుడు, ఎచ్చట పుట్టునో తెలియనిదే వానిని కాపాడుట ఎట్లు?