రాతికోటలో నీటి లెక్క

గండికోటలో రాతికి కొదవ లేదు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారిన గండి అంచునే కోట లేచింది. అక్కడి ఎర్రరాతితోనే గోడలు కట్టారు. ఏరు ఎదురుగానే కనిపిస్తుంది కానీ అది లోయ అడుగున ఉంది. కొండ మీద బతకాలంటే వాన నీటినీ ఊట నీటినీ ఒడిసిపట్టాల్సిందే. విజయనగర రాయల కింద ఈ సీమనేలిన పెమ్మసాని నాయకుల వైభవాన్ని కొలవడానికి చాలామంది మాధవరాయస్వామి గోపురం వైపే చూస్తారు. నిజంగా చూడదగ్గ గోపురమే. కానీ రాయలచెరువు, కత్తుల కోనేరు, కమాను కప్పుతో నిలిచిన ధాన్యాగారం కూడా ప్రభువుల పోషణకు అంతే గట్టి సాక్ష్యాలని నా వాదన. యుద్ధంలో నెత్తురంటిన కత్తులు ఆ కోనేట్లో కడిగేవారని జనం చెప్పుకుంటారు. ఆ కథ పేరుకే మిగిలింది. కోనేరు రోజూ చేసిన పని కోటలోవాళ్ల గొంతు తడపడమే.

చెరువు అవసరం కొద్దీ తవ్వేది, గుడి కళగా కట్టేది, రెంటినీ ఒక గాటన కట్టకూడదని ఎవరైనా అనవచ్చు. ఆ తేడా మన కాలం పెట్టుకున్నది. ఆనాటి దాతలు సప్తసంతానాలని లెక్కపెట్టినప్పుడు కొడుకు, నిధి, కావ్యం, వనం, అగ్రహారాలతో పాటు తటాకాన్నీ దేవాలయాన్నీ ఒకే వరుసలో నిలిపారు. గండికోట ఉన్న ఈ కడప సీమలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు మంచి చోటు ఎలా ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో కూడా ఆ రాతి మీదే చెక్కించారు. గుడి కట్టించినవాడు కోరుకున్న కీర్తినే ఈ రాజకుమారుడు కట్టమీద కోరుకున్నాడు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: సొమ్ము రైతుది, చెమట కూలీది, పేరు మాత్రం ప్రభువుది. కాదనలేం. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు, అది మనసును కలచే విషయం. నాయకుడికీ స్వార్థం ఉంది. రాయలవారికి సైన్యం పంపాలంటే అతనికి సీమ పన్నులే ఆధారం, పన్నుకు పంట, పంటకు నీరు. ముట్టడి వస్తే గాదెలో గింజ ఉండాలి. అయితే ఆ స్వార్థమే నా మాటకు బలం. ఎండిన సీమలో నీరూ గింజా నిలబెట్టలేని దొరకు గోపురం ఎత్తే స్తోమత ఎక్కడిది?

1565లో విజయనగరం కూలినా గండికోట మరో ఎనభై ఏళ్లకు పైగా నిలిచింది. 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. రెండేళ్లకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కోట దుర్భేద్యతతో పాటు, కొండ మీద ఊటలతో తడిసే వరి, చిరుధాన్యాల పొలాలనూ రాసిపెట్టాడు. ప్రభువు మారాడు, పోషణ తీరూ మారింది. గోల్కొండ ఏలుబడిలో జామా మసీదు లేచింది. దానికి ఎన్నుకున్న చోటు కత్తుల కోనేటి చెంతనే, ధాన్యాగారానికి దగ్గర్లో.