తలలేని యంత్రములు, దూరపు చేతులు



కంప్యూటరు అను మాట వినగానే మనలో పెక్కుమందికి ముందుగా మనస్సున మెదలునది దాని తెర. బల్లమీద నిలిపిన పలక, దానిపై వెలుగుచుండు అక్షరములు, బొమ్మలు. పిల్లలను కంప్యూటరు బొమ్మ గీయుమన్నచో తెరనే గీయుదురు. కాని నేడు లోకమున మిక్కిలి బరువు మోయుచున్న కంప్యూటర్లకు తెరయే లేదు. బ్యాంకు ఖాతాలు లెక్కించునవి, రైలు టిక్కెట్లు వ్రాయునవి, ఉత్తరములు చేరవేయునవి యన్నియు చల్లబరచిన గదులలో, ఇనుప చట్రములందు ఒకదానిపై నొకటి పేర్చబడి, ఎదుట కూర్చుండు మనుష్యుడు లేకయే రేయింబవళ్లు పనిచేయుచుండును. వానిని నడుపువారు వేరొక ఊర, ఒక్కొక్కప్పుడు వేరొక ఖండమున నుందురు. ఆ వృత్తిలోనివారు వీనిని 'తలలేని యంత్రములు' అని హాస్యముగా పిలుతురు. ఈ తలలేని యంత్రమును దూరమునుండి నడుపు విద్య ఎట్లు పుట్టినది, అది మన కోనసీమ ఇండ్ల అరుగులవరకు ఎట్లు వచ్చినది, అనునది నేటి ప్రసంగ విషయము.

గోదావరి మండలమువారికి దూరపాలనము కొత్తగా తోచనక్కరలేదు. కాటన్ దొరగారి ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. నాటినుండి కాలువల చివర భూములు గల రైతు ఆనకట్టను చూడకయే ఆనకట్టమీద బ్రతుకుచున్నాడు. నీటిని వదలుమను ఉత్తరువు ఒకచోట పుట్టును. లాకువద్ద లస్కరు తలుపు లెత్తును. నీరెంత పారినదో కొలబద్ద చూచి పైవారికి తెలుపుదురు. అనగా దూరపాలనమునకు మూడు అంగములు కావలెను: ఆజ్ఞ, చేయి, జవాబు. మూడవది లేనిచో మొదటి రెండును గ్రుడ్డివి. 1850లో కలకత్తాకును డైమండ్ హార్బరునకును నడుమ వేసిన తంతి మన దేశమున ఆజ్ఞకును జవాబునకును వేగము నిచ్చినది. ఆ తంతివార్త 2013 జూలైలో సెలవు పుచ్చుకొన్నది. కాని తంతికి అవతలి కొనయందు చేయి మాత్రము మనుష్యునిదే. ఆ చేయి యంత్రమైన దినమే మన కథకు మొదలు.

ఆ దినము 1940 సెప్టెంబరులో వచ్చినది. న్యూయార్కునందలి బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో జార్జి స్టిబిట్జ్ అను గణితవేత్త, టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడు రిలేలతో ఒక లెక్కల యంత్రమును నిర్మించెను. అమెరికా గణితశాస్త్ర సంఘమువారి సభ హానోవరు పట్టణమందలి డార్ట్‌మత్ కళాశాలలో జరిగెను. యంత్రమును అక్కడికి మోయుట అసాధ్యము. కావున ఆయన యంత్రమును న్యూయార్కుననే విడిచి, ఒక టెలిప్రింటరును మాత్రము సభకు కొనిపోయి, టెలిఫోను తీగెతో రెంటిని కలిపెను. సభలోనివారు లెక్కను టైపు చేయగా అది రెండువందల మైళ్లకు మించిన దూరము పోయి, జవాబై తిరిగివచ్చి కాగితముపై అచ్చుపడెను. ఆ సభలో నార్బర్ట్ వీనరు, జాన్ మాక్లీ వంటివారు కూడ నుండిరి. గమనింపవలసినదేమన, ఆ యంత్రమునకు తెర లేదు. టెలిప్రింటరునకును తెర లేదు. తెర లేకుండుట నేటి వింత యని మనము తలంతుము గాని, చరిత్రమున తెరయే తరువాత వచ్చిన చుట్టము.

1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కొర్బటో ప్రభృతులు ఒకే యంత్రమును పలువురు తమతమ టెలిప్రింటర్లనుండి ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. దానిపై విస్తరింపను. 1969 అక్టోబరు 29 రాత్రి జరిగినది మాత్రము చెప్పి తీరవలెను. లాస్ ఏంజిలీసు విశ్వవిద్యాలయమునుండి చార్లీ క్లైన్ అను విద్యార్థి, ఉత్తరమున స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోనున్న కంప్యూటరులోనికి ప్రవేశింప యత్నించెను. ప్రవేశమునకు 'లాగిన్' అను మాటను అక్షరక్షరముగ పంపవలెను. 'ఎల్' పంపెను, చేరినది. 'ఓ' పంపెను, చేరినది. 'జి' కొట్టగానే అవతలి యంత్రము కూలబడెను. అక్షరము చేరినదో లేదో అడిగి తెలిసికొనుటకు వారు వేరొక టెలిఫోనును చెవికి పెట్టుకొని యుండిరి! జవాబు అను మూడవ అంగమునకై ఇంకను నోటిమాటపై ఆధారపడిన దశ అది. లోపము సవరించి ఆ రాత్రియే మరల ప్రవేశించిరి. అంతర్జాలమునకు పూర్వరూపమైన ఆర్పానెట్టుమీద పోయిన మొదటి సందేశము ఉత్తరము కాదు, వార్త కాదు. పరస్థలమందలి యంత్రపు తలుపు తట్టిన చప్పుడు.

ఆ తలుపునకు చిరకాలము సరియైన తాళము లేదు. టెల్నెట్ అను పద్ధతిలో సంకేతపదము పోస్టుకార్డుమీద వ్రాసినట్లు బాహాటముగా పోవుచుండెను. నడుమ తీగెపై చెవియొగ్గినవాడు దానిని చదివి దొంగిలింప వచ్చును. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున ఇట్టి దొంగతనమే జరుగగా, అక్కడి తాతు యులోనెన్ అను పరిశోధకుడు ఎస్.ఎస్.హెచ్. అను నూతన పద్ధతిని రచించి ఆ వేసవిలోనే లోకమునకు ఉచితముగా నిచ్చెను. దాని కీలకము తాళపుకప్పవంటిది. కప్పను నొక్కి బిగించుటకు చెవి అక్కరలేదు, తెరచుటకే కావలెను. కావున కప్పలను ఎందరికైనను పంచిపెట్టవచ్చును, చెవిని మాత్రము మొలనుండి తీయరాదు. దూరపు యంత్రమునందు మన కప్ప నుంచుదుము. చెవి మనవద్దనే యుండును. అది తీగెమీద ఎన్నడును ప్రయాణము చేయదు. నేడు తలలేని యంత్రములలో అధిక భాగమునకు సింహద్వారము ఇదియే. ఇందు బొమ్మలు లేవు. నల్లని పలకమీద అక్షరముల సంభాషణ. నా దృష్టిలో ఇంతకంటె పొదుపైన దూరపాలనము లేదు. సన్నని సంకేతము మీదనైనను సాగును.

బొమ్మలు కావలెనన్న వేరు చిక్కు కలదు. తోలుబొమ్మలాటలో తెరవెనుక బొమ్మలాడును. తెరమీద నీడ పడును. ఇవతల మనము చూతుము. తెర విప్పివేసినచో బొమ్మ లుండియు ఆట లేదు. కంప్యూటరు స్థితియు అంతియే. 1984లో మసాచుసెట్స్ విద్యాలయమున పుట్టిన 'ఎక్స్' పద్ధతి బొమ్మను ఒకచోట ఆడించి నీడను వేరొకచోట పడునట్లు చేసినది. 1998లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి పరిశోధనాలయమువారు ప్రకటించిన వి.ఎన్.సి. మరియొక అడుగు వేసినది: యంత్రముయొక్క జ్ఞాపకమునందే లేని తెరను కల్పించి, దానిపై బొమ్మవేసి, ఆ బొమ్మలో మారిన ముక్కలను మాత్రము దూరమునకు పంపును. అయితే కొన్ని యంత్రములు మొండివి. మేల్కొనగానే అవి తమ మానిటరును 'నీ కొలత యెంత?' అని యడుగును. బదులు రానిచో బొమ్మవేయుట మానును, లేదా మిక్కిలి చిన్న బొమ్మతో సరిపెట్టును. అట్టివానికి మానిటరు తగిలించు రంధ్రమున ఒక చిన్న బుడిపెను దూర్తురు. అది లేని తెర ఉన్నట్లు సాక్ష్యము చెప్పును. యంత్రము నమ్మి నిండు బొమ్మ వేయును. కూటసాక్ష్యము ఇంత మేలు చేయు చోటు వేరొకటి నేనెరుగను.

యంత్రము పూర్తిగ స్తంభించినచో దూరమందున్నవాడు ఏమి చేయవలెను? ఎస్.ఎస్.హెచ్. పలుకదు, తెర లేదు. ఇందులకై పెద్ద యంత్రపు పలకమీదనే వేరొక చిన్న కంప్యూటరును కాపుంచుదురు. పెద్దది నిద్రించినను అది మేలుకొని యుండి, విద్యుత్తును ఆపి మరల ఇచ్చుటకు వీలు కల్పించును. 1998లో ఇంటెల్ మొదలగు సంస్థలు కూడి దీనికి ఉమ్మడి నియమములను ప్రకటించినవి.

ఇక మన తీరమునకు వత్తము. చూచువాడు లేకయే దూరపు ఆజ్ఞకు మేల్కొను యంత్రము ఆంధ్ర తీరమునకు కంప్యూటరు రూపమున రాలేదు. తుపాను హెచ్చరిక రూపమున వచ్చినది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము గగనమున చేరినపిమ్మట, ఆంధ్ర తీరమునందును ఉత్తర తమిళనాడు తీరమునందును ప్రత్యేక గ్రాహకయంత్రములను నెలకొల్పిరి. వాని కొక్కొక్కదానికి ఒక్కొక్క సంకేత చిరునామా కలదు. మద్రాసునందలి తుపాను హెచ్చరిక కేంద్రమునుండి ఆ చిరునామాను పలుకగా, అపాయము గల ప్రాంతపు యంత్రములు మాత్రమే ఎవ్వరును మీట నొక్కకయే మేల్కొని కూతపెట్టి, పిమ్మట స్థానిక భాషలో హెచ్చరికను వినిపించును. 1990 మే మాసమున కృష్ణా ముఖద్వారమువద్ద తీరము దాటిన పెనుతుపానునందు లక్షలమందిని ముందుగా తరలించుటకు ఈ ఏర్పాటు తోడ్పడినది. రేడియో వినుచున్న మీకు ఈ యంత్రము చుట్టమే. మీది మీరు త్రిప్పిన పలుకును, అది తనంత పలుకును, అంతియే భేదము. అయినను 1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములు గొన్నది. కొబ్బరితోటలు నేలకొరిగెను, స్తంభములు కూలి టెలిఫోను తీగెలు తెగెను. ఎవరు బ్రతికిరో, ఎవరు లేరో బయటివారికి తెలియుటకే దినములు పట్టెను.

అంతకు ముందటి యేడు, 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు అంతర్జాలము నందిచ్చినది. నాటి చవుక ఖాతాలు బొమ్మలులేని అక్షరపు ఖాతాలు. చందాదారుడు మోడెము మోగించి సంస్థవారి దూరపు యంత్రములోనికి ప్రవేశించి, అందుండియే ఉత్తరములు చదువుకొనుచుండెను. తలలేని యంత్రమును వాడుచున్నామని ఎరుగకయే వేలకొలది భారతీయులు వాడిరి. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ వెలసినది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల యువకులును యువతులును అక్కడికి, బెంగుళూరునకు, అమెరికాకు తరలిపోయిరి. ఇచ్చట ఒక చిత్రము గలదు. వారు హైదరాబాదున కూర్చుండి నడుపు యంత్రము సాధారణముగా హైదరాబాదున లేదు. అది సింగపూరులోనో, వర్జీనియాలోనో యున్నది. అట్లైనచో కూర్చుండుటకు అంబాజీపేట ఏల పనికిరాదు?

ఈ ప్రశ్నకు జవాబు తర్కము చెప్పలేదు, మహమ్మారి చెప్పినది. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలుపబడగా, కార్యాలయములు పనిని ఇండ్లకు పంపినవి. ఉద్యోగులు పలువురు ఊళ్లకు మరలి వచ్చిరి. పగలు నిద్రించి, అమెరికాలో తెల్లవారు వేళకు ఇచ్చట దీపము వెలిగించి, పడమటింటి గదిలో కూర్చుండి సముద్రాల కావలి యంత్రములకు ఉపచారము చేయు బిడ్డను చూచి, 'ఇదేమి ఉద్యోగము?' అని వింతపడిన పెద్దలు ఎందరో. కరెంటు పోయినచో ఇన్వర్టరు, తీగె తెగినచో ఫోనులోని సంకేతము. మూడు వైపుల ఏరులును నాలుగవవైపు సముద్రమును గల ఈ సీమలో, పంటు కట్టినప్పుడుగాని రేవు దాటలేని తరము ఇంకను జీవించియుండగనే, రేవు దాటకయే ఖండములు దాటు తరము వచ్చినది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాయై, అమలాపురము దానికి ముఖ్యపట్టణ మయ్యెను. జిల్లాకు డాక్టరు అంబేడ్కరుగారి పేరు చేర్చు విషయమై రేగిన అలజడి మే 24న హింసగా మారెను; గృహములు దగ్ధమయ్యెను. వదంతులు వ్యాపింపకుండుటకై ప్రభుత్వము మొబైల్ అంతర్జాలమును పలుదినములు నిలిపివేసినది. శాంతిరక్షణమునకై అధికారులు త్వరపడుటను నేను తప్పుపట్టను. ఇండ్లు కాలుచుండగా తర్కించుచు కూర్చుండరాదు. కాని మంటలు చల్లారిన పిదప కూడ దినములతరబడి సాగిన నిషేధము, రాయి విసరినవానికంటె విసరనివానినే ఎక్కువ బాధించినది. ఫోనుల మూలమున డబ్బు చెల్లించుకొను చిల్లర వర్తకుడు, పరీక్షకు దరఖాస్తు పెట్టుకొను విద్యార్థి, ఇంటినుండి పనిచేయు ఉద్యోగి, అందరికిని అదియే శిక్ష. దూరపు యంత్రములు ఎప్పటివలెనే తిరుగుచుండెను. తాళపుచెవి ఇచ్చట నే యున్నది. తలుపువరకు పోవు బాట మాత్రము లేదు. అప్పుడు కొందరు ఉద్యోగులు తమ ల్యాప్‌టాపులతో గోదావరి యొడ్డునకు పోయి, ఆవలి గట్టు సంకేతము అందు చోటులు వెదకికొని, చెట్లనీడల కూర్చుండి పని గడుపుకొనిరి. ఆ దృశ్యములు పత్రికలలో వచ్చినవి.

జూన్ మాసమున సేవలు మరల నెలకొన్నవి. ఆపై నెలలోనే గోదావరి పొంగినది. 2022 జూలై 16న భద్రాచలమువద్ద మట్టము 71 అడుగులు దాటెను. 53 అడుగులకే అక్కడ మూడవ ప్రమాద సూచిక ఎగురును. ధవళేశ్వరమువద్ద మూడవ సూచికకు గుర్తు 17.75 అడుగులు. భద్రాచలపు నీరు ధవళేశ్వరము చేరుటకు నడుమ కొంత వ్యవధి కలదు. లంకలలోనివారు గొడ్డుగోదను గట్టెక్కించుటకు, గింజలు అటకమీద చేర్చుటకు ఉన్న వ్యవధియు అదియే. ఆ దినములలో గంటగంటకు మారుచున్న మట్టములను లంకవాసులు చేతిలోని ఫోనులయందు చూచుకొనుచుండిరి.