ఉప్పెన తర్వాత సరుగుడు, చలి చివర పుప్పొడి

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. ఆ తర్వాత గాలికి అడ్డుగా మన సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులు పెంచారు. అంతకుముందు, ఇంగ్లీషోళ్ల కాలంలో, మద్రాసు ప్రెసిడెన్సీలో రైలింజన్లకు కట్టెల కోసం ఇదే చెట్టు నాటారు. రెండుసార్లూ చూసింది కట్టెని, నీడని, గాలి అడ్డుని. పూత సంగతి కాదు.

సరుగుడు పూతకి తేనెటీగతో పనిలేదు, పుప్పొడిని గాలే మోస్తుంది. చలి తగ్గే ఫిబ్రవరిలో ఒక పూత మొదలవుద్ది. తెల్లారుజామున మంచుకి తడిసి పుప్పొడి పెద్దగా కదలదు. పొద్దెక్కి, ఆరి, గాలి లేచాక ఎగురుద్ది. అది పడనోళ్లకి తుమ్ములు, కళ్ళ దురద, ఆయాసం.

తోపులు నరకమని కాదు, అవి మన ఊళ్లకి అడ్డుగోడ. ఆయాసం ఉన్నోళ్లు మాత్రం పొడిగాలి పూట తోపు పని పెట్టుకోకండి. చలికేలే అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించుకోండి. ఇకమీదట ఇంటి పక్కన ఏ చెట్టు నాటినా, పూత ఎప్పుడో కూడా అడగండి.