మహాతలవరుడి నుంచి తలారి దాకా: 'తల' నడిచిన దారి

తెలుగులో శరీరభాగాలను చెప్పే మాటల్లో 'తల' అన్నంత దూరం విస్తరించిన మాటలు తక్కువ. తమిళంలో తలై, కన్నడంలో తలె, మలయాళంలో తల, తుళులో తరె, గోండీలో తలా, కొలామీలో తల్ అనే రూపాలు దీనికి తోబుట్టువులు కావడం వల్ల, ఈ భాషలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవడానికి ముందే ఈ మాట ఉండేదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. సంస్కృతం నుంచి వచ్చిన శిరస్సు, మస్తకం కావ్యాల్లోనూ స్తోత్రాల్లోనూ చోటు సంపాదించుకున్నాయి గాని, ఇంటి మాటల్లోనూ వీధి మాటల్లోనూ తలను కదిలించలేకపోయాయి. శరీరంలో అన్నిటికంటె పైన ఉండేది గనుక ఆధిక్యం, మొదట కనిపించేది గనుక ఆరంభం, మనిషికి ఒక్కటే ఉండేది గనుక లెక్క అనే మూడు అర్థాలు ఈ మాటలో పెనవేసుకొని ఉన్నాయి. పదవుల్లోనూ పన్నుల్లోనూ శుభాశుభ కార్యాల్లోనూ ఈ మూడు పాయలు వేరువేరు గతులు పట్టాయి. వాటిలో ఆధిక్యాన్ని చెప్పిన పాయే అన్నిటికంటె ఎక్కువగా కిందికి జారింది.

ఆ పాయ తెలుగు నేల మీద స్పష్టంగా కనిపించే తొలి చోట్లలో నాగార్జునకొండ ఒకటి. క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణా తీరాన విజయపురిని రాజధానిగా చేసుకొని ఏలిన ఇక్ష్వాకుల ప్రాకృత శాసనాల్లో 'మహాతలవర' అనే బిరుదు పదేపదే వస్తుంది. రాజవంశ స్థాపకుడైన శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ, పూకీయ కులానికి చెందిన స్కందశ్రీ అనే మహాసేనాపతి, మహాతలవరుడికి భార్య; అక్కడి మహాచైత్యం శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో ఆమె దానంతోనే పూర్తయిందని ఆయక స్తంభాల మీది శాసనాలు చెబుతున్నాయి. శాంతమూలుడి కూతురు అడవి శాంతిశ్రీని పెళ్లాడిన ధనక కులస్థుడికీ సేనాపతి, దండనాయక బిరుదులతో పాటు ఇదే బిరుదు ఉంది. భర్త హోదాను బట్టి స్త్రీలు 'మహాతలవరి' అనిపించుకున్నారు. రాజు ఆడపడుచులను ఇచ్చి సంబంధం కలుపుకోదగినంత ఎత్తులో ఈ పదవి ఉండేదని దీన్ని బట్టి తెలుస్తుంది.

'తలవర' అనే మాట జైనుల కల్పసూత్రంలోనూ రాజసభలోని ప్రముఖుల వరుసలో కనిపిస్తుంది. రాజు మెచ్చి ప్రసాదించిన పట్టాన్ని, అంటే తలకు కట్టే గౌరవ వస్త్రాన్ని, ధరించినవాడే తలవరుడని వ్యాఖ్యాతలు వివరించారు. నాగార్జునకొండ శాసనాలను ప్రకటించిన ఫోగెల్ వంటి పండితులు ఈ మాట సంస్కృతంలోది కాదని గుర్తించి, దక్షిణాది భాషల్లోని గ్రామ కావలివాడి పేర్లతో దీన్ని పోల్చారు. తెలుగులోని తలవరి, తలారి, తమిళంలోని తలైయారి 'తల' నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. అయితే కన్నడంలో అదే పని చేసేవాణ్ణి ళకారంతో 'తళవార' అనడం వల్ల వ్యుత్పత్తి విషయంలో కొంత చిక్కు మిగిలే ఉంది. మూలం ఏదైనా, తెలుగు చెవికి ఆ మాటలో తల వినిపించడం, తరువాతి కాలంలో దాని అర్థాన్ని ఆ వినికిడే నడిపించడం మాత్రం నిజం.

మధ్యయుగానికి వచ్చేసరికి మహాతలవరుడి ఠీవి మాసిపోయి, తలవరి నగరంలో రాత్రి గస్తీ తిరుగుతూ దొంగలను పట్టే రక్షకభటుడయ్యాడు. పల్లెలో అతడే తలారి. కరణం, రెడ్డి మొదలుకొని కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి దాకా ఊరిని నిలబెట్టే పన్నెండు మంది ఆయగాండ్రలో, అంటే పంటలో వాటా మీద బతికే గ్రామ వృత్తిదారుల్లో, తలారికీ చోటు ఉంది. కళ్లంలో అతడికి కొలిచి ఇచ్చే గింజలను మేర అని, అనుభవించమని విడిచిపెట్టిన పొలాన్ని మాన్యం అని పిలిచేవారు. ఈ కావలి ఖర్చు కోసమే వసూలు చేసిన పన్నును విజయనగర కాలపు తమిళ శాసనాలు 'తలైయారిక్కం' అన్నాయి. 1812లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం సమర్పించిన ఐదవ నివేదిక ఈ పనులను విడదీసి చూపింది: నేరాల సమాచారం సేకరించడం, ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లే బాటసారులకు తోడుగా నడవడం తలారి వంతు, పంట కాపలా, కొలతల్లో సాయం తోటి అనే మరో సేవకుడి వంతు.

అదే కాలంలో పై మెట్టు మీదికి మరో 'తల' వచ్చి కూర్చుంది. గోల్కొండ సుల్తానులు, మొగలులు, నిజాముల పాలనలో రాజభాష అయిన ఫారసీలో 'సర్' అంటే తల. పనులకు తలకాయ వంటిది సర్కారు, ఆధిపత్యాన్ని చేతబట్టినవాడు సర్దారు, పంచాయతీకి పెద్ద సర్పంచి. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తీర జిల్లాలకు ఉత్తర సర్కారులన్న పేరు, కచేరీలో కాగితాలు చూసే శిరస్తాదారు పదవి కూడా ఈ కోవలోవే; శిరస్తాలో వినిపించేది సంస్కృత శిరస్సులా తోచినా, అది ఫారసీ 'సర్‌రిష్తా'కు తెలుగు నోట ఏర్పడిన రూపం. ఈ విధంగా అధికారానికి పరభాష తల దక్కగా, దేశి తల ఊరి చివర కర్ర పట్టుకొని కాపలా నిలబడింది. అక్కడితోనూ ఆగకుండా, జానపద కథల్లో, నాటకాల్లో రాజాజ్ఞ మేరకు దోషిని వధ్యస్థానానికి తీసుకువెళ్లేవాడు తలారే కావడంతో, తల కాపాడవలసినవాడి పేరుకు తల తీసేవాడన్న అర్థం స్థిరపడింది. నేటికీ ఉరి తీసే ఉద్యోగిని తెలుగు పత్రికలు తలారి అనే రాస్తాయి.

లెక్కను చెప్పే పాయ మాత్రం ఎత్తుపల్లాలు లేకుండా సాగింది. 'తలా ఒకటి', 'తలకు ఇంత' అన్నప్పుడు తల అంటే మనిషి. పంపకంలో పెద్దా చిన్నా తేడా చూడకుండా ఒక తలకు ఒక వాటా అన్న పద్ధతి ఆ మాటలోనే ఇమిడి ఉంది. అర్థశాస్త్రం తెలుగులోకి వచ్చినప్పుడు 'తలసరి ఆదాయం' అనే పదబంధం సులువుగా అతికింది, ఎందుకంటే ఐరోపా భాషలు ఈ భావానికి వాడే లాటిన్ మాటకు కూడా తల అనే అర్థం. భారతీయుల తలసరి ఆదాయం 1867-68లో ఏడాదికి 20 రూపాయలేనని దాదాభాయి నౌరోజీ వేసిన లెక్క, వలస పాలన మీద పెట్టిన తొలి ఆర్థిక అభియోగాల్లో ఒకటిగా నిలిచింది.

ఆరంభాన్ని చెప్పే పాయ నేల మీదా రాతలోనూ ఆనవాళ్లు వదిలింది. కావేరి పుట్టే చోటు కొడగులో తలకావేరి. శేషాచలం కొండల్లో జలపాతం దూకే చోటు తలకోన. ఇంటి ముందరి గుమ్మం తలవాకిలి. తెలుగు అక్షరం మీద ఉండే గీతను తలకట్టు అనడం వీటన్నిటికంటె రుచికరమైన ప్రయోగం, ఎందుకంటే తలపాగాకూ అదే పేరు. తెలుగు, కన్నడాలు ఒకే లిపిని పంచుకున్న కాలంలో అక్షరం నెత్తిన ఒక చిన్న అడ్డగీత ఉండేది. లిపులు వేరుపడుతూ వచ్చిన కొద్దీ కన్నడంలో అది అడ్డంగానే ఉండిపోగా, తెలుగులో కొస పైకి లేచి నేటి రూపం దాల్చింది. బడిలో దీన్ని అకారానికి గుర్తుగా నేర్పుతారు గాని, ఖ, జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు తలకట్టు లేదు; అందువల్ల 'తల' అని రాసినప్పుడు తొలి అక్షరానికే తలపాగా ఉండి, రెండోది బోడితలతో మిగులుతుంది.

పదవిలో పోయిన గౌరవం ఆచారాల్లో చెక్కుచెదరలేదు. పండుగనాడు ఇంటి పెద్దలు పిల్లల మాడున నూనె పెట్టి చేయించే స్నానం తలంటు. పెళ్లిలో వధూవరులు ఒకరి తలపై ఒకరు పోసుకొనే పసుపు బియ్యం తలంబ్రాలు: ప్రాలు అంటే బియ్యం, 'తలన్' అనే రూపంలోని నకారం వల్ల పకారం బకారమై ఈ మాట ఏర్పడింది. భద్రాచలంలో శ్రీరామనవమినాడు జరిగే కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం గోల్కొండ సుల్తాను తానీషా నాటిదని చెబుతారు. దాన్ని తరువాతి ప్రభుత్వాలు కొనసాగించాయి. అదే కల్యాణం కోసం వడ్లను రోట్లో దంచకుండా గోళ్లతో ఒలిచి భక్తులు సమర్పించేవి గోటి తలంబ్రాలు. తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకొనేవారు అర్పించేవి తలనీలాలు. నీలాలంటే ఇక్కడ నల్లని వెంట్రుకలు. చివరికి చితి మీద తలవైపున నిప్పు పెట్టడం తలకొరివి, కొరివి అంటే మండుతున్న కట్టె. ఆ హక్కు కొడుకుదే అన్న నమ్మకం దత్తతలకూ ఆస్తి తగాదాలకూ కారణమైంది, కూతుళ్లు కూడా తలకొరివి పెట్టే సందర్భాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు, ఆ పదవుల్లో ఉన్నవారు తొలగిపోయినా ఊరి సేవకులు మిగిలారు. తరువాత తలారి, వెట్టి, నీరటి వంటి పాత పేర్లన్నిటినీ తుడిచి అందరినీ గ్రామ రెవెన్యూ సహాయకులు అన్నారు. మహాతలవరుడి కాలం నుంచి పదిహేడు వందల ఏళ్లు రాజ్యపు పుస్తకాల్లో ఏదో ఒక రూపంలో నిలిచిన పేరు ఆ విధంగా కాగితం మీద ముగిసింది. అయినా నోటీసు పట్టుకొని గుమ్మం ముందుకు వచ్చిన ఆ ఉద్యోగిని చూసి, పల్లెలో పెద్దవాళ్లు నేటికీ 'తలారి వచ్చాడు' అనే అంటారు.